మేకులు లేని కిటికీ బల్ల

ఈ బల్లకు హెడ్లీ వాలిస్ ఒక్క మేకైనా ఎందుకు కొట్టలేదు?

పదకొండేళ్లుగా దీని మీద కూర్చునే చదువుకుంటున్నాను. గోడతో పాటే పుట్టినట్టు ఉంటుంది, వెంట్రుక దూరే సందు లేదు. పోయిన వారం సామాను సర్దుకుంటూ మూత ఎత్తి, లోపలి పుస్తకాలన్నీ బయట పెట్టి, అడుగున దుమ్ము తుడుద్దామని టార్చి వేసుకుని తల లోపలికి పెట్టాను. మేకు లేదు. మూత బందులకు తప్ప మర లేదు. నాలుగు మూలలా నాలుగు బిగింపు చెక్కలు, ఏటవాలుగా చెక్కి సందుల్లో దిగ్గొట్టినవి. సుత్తితో కింది నుంచి మెల్లగా తడితే ఒకటి ఊడి చేతిలో పడింది. మిగతా మూడూ తీస్తే బల్ల మూడు ముక్కలుగా విడిపోతుంది. కొలిచి చూశాను. మూడు ముక్కలూ మా వీధి తలుపులోంచి సులువుగా బయటికి వెళ్తాయి.

వచ్చే నెల మా ఊరు ఖాళీ అవుతోంది. కరెంటు తీసేస్తారు, ఫెర్రీ ఆపేస్తారు. ఈసారి ఓటు నెగ్గింది. మిగిలింది పద్దెనిమిది మందిమే, అందరం సరేనన్నాం. నేనూ అన్నాను. పదకొండేళ్ల కిందట అనవలసిన మాట అది.

హెడ్లీ నాకు అతని పదేళ్ల వయసు నుంచి తెలుసు. మా ఊరు డార్బీస్ రీచ్‌లో ఒకే గది బడి ఉన్న రోజుల్లో, పద్దెనిమిదేళ్లకే నేను దానికి టీచర్నయ్యాను. అతను నాలుగో తరగతి. మంచి పిల్లవాడు, కానీ అంకెలు వంటబట్టలేదు. లెక్కల్లో నేనే అతన్ని రెండేళ్లు వరసగా తప్పించాను. మూడో ఏడు బడి మానేసి తండ్రి దగ్గర పడవలు కట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లలో అతను కట్టిన పడవ ఒక్కటి కూడా నీళ్లలో పక్కకు ఒరగలేదు. టేపు పట్టుకునేవాడు కాదు. ఒక సన్నని కొలకర్ర ఉండేది. ఎక్కడ ఎంత కావాలో ఆ కర్రను అక్కడ ఆనించి పెన్సిల్‌తో గీత పెట్టుకునేవాడు. అంకె రాయడు, గీత పెడతాడు. ఇంటికెళ్లి ఆ గీతలకే చెక్క కోస్తాడు. అది సరిపోతుంది.

సముద్రంలో కాడ్ చేప అడుగంటిందని ప్రభుత్వం వేట మూసేసిన ఏడాది అతనికి నలభై. పడవ కట్టించుకునేవాడు లేకుండా పోయాడు. అప్పటి నుంచి తలుపులు, మెట్లు, చనిపోయినవాళ్లకు పెట్టెలు. పడవల కోసమని దాచుకున్న కర్ర అతని కొట్టంలో అలాగే ఆరుతూ ఉండేది. ఎవరడిగినా ఇచ్చేవాడు కాదు.

భార్య డల్సీకి మూత్రపిండాలు పోయాయి. వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోవాలి. ఆ మిషను ఉన్న ఆసుపత్రి ఫెర్రీలో రెండు గంటలు, ఆ తర్వాత రోడ్డు మీద మూడు గంటలు. ఫెర్రీ వచ్చేది వారానికి రెండుసార్లే. అందుకని డల్సీ అక్కడే ఒక విధవరాలి ఇంట్లో చిన్న గది తీసుకుని ఉండేది. ఇతను ఇక్కడ. ఈ ఊళ్లో ఇల్లు కొనేవాడు లేడు, అమ్మకుండా అక్కడ మరో కాపురం పెట్టే శక్తి అతనికి లేదు. ప్రభుత్వం ఊరిని ఖాళీ చేయిస్తే ఇంటింటికీ పరిహారం ఇస్తుంది. దాంతో అతను భార్య దగ్గరికి వెళ్లిపోవచ్చు. హెడ్లీకి ఓటంటే అర్థం అదే. ఆమె ఉండగా ఆమె దగ్గరికి చేరడం.

నూటికి తొంభై మంది ఒప్పుకుంటేనే ఊరు లేస్తుంది. అప్పటికి మేం నలభై మందిమి. ముప్పై ఆరు కావాలి.

మా ఊళ్లో ఎవరి ఓటు ఎటని అడగడం మర్యాద కాదు. అడగరు. కట్టెలు చూస్తారు. వెళ్లిపోదామనుకున్న మనిషి ఒక్క చలికాలానికే కట్టెలు కొట్టి పేర్చుకుంటాడు. ఉండిపోదామనుకున్నవాడు రెండు మూడింటికి సరిపడా కొడతాడు. పదకొండేళ్ల కిందట, ఆ ఓటు పెట్టిన ఏడాది ఆగస్టులో జనం దారిన నడుస్తూ పక్కవాళ్ల పెరడు వంకే చూసేవారు. సెల్బీ డర్న్‌ఫర్డ్ ఇంటి వెనక కట్టెలు కప్పు దాకా ఉన్నాయి. అతను, అతని ఇంట్లో మరో ముగ్గురు, మొత్తం నలుగురూ కదలరని అందరికీ తెలిసిపోయింది. నలుగురు వద్దన్నా ముప్పై ఆరు మిగులుతారు. కాబట్టి ఊరు లేచినట్టే అనుకున్నారు.

నా పెరట్లో కట్టెలు లేవు. నాది నూనె పొయ్యి. అందుకని నా మనసు చదవడానికి ఊరికి ఏ గుర్తూ దొరకలేదు, నేను కిటికీ బల్ల చేయించుకునే దాకా.

చిన్నప్పటి నుంచి నాకున్న ఒకే ఒక్క కోరిక అది. పుస్తకాల్లో పిల్లలు కిటికీ గూట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని చదువుకునేవారు. మా ఇంట్లో ఆ చోట అమ్మ పిండి పీపా ఉండేది. అమ్మ పోయింది, పీపా పోయింది, నేను రిటైరయ్యాను. కిటికీలోంచి రేవంతా కనబడుతుంది. ఓటు సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. ఇంకా రెండు నెలలుందిలే, బల్ల వేరు, ఓటు వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను.

హెడ్లీ వచ్చి, కొలకర్రను కిటికీ కింద ఆనించి, వెనక్కి జరిగి గోడ వంక చూశాడు.

"మీ నాన్న ఈ గోడ కట్టిన రోజున రమ్ము కాస్త ఎక్కువైనట్టుంది మిస్."

పెళ్లయి మనవలున్నవాళ్లైనా, నా దగ్గర చదివినవాళ్లంతా నన్ను మిస్ అనే అంటారు.

"కట్టింది మా నాన్న ఒక్కడే కాదు. మీ నాన్న కూడా ఉన్నాడు."

"అయితే సీసా ఇద్దరూ పంచుకున్నారన్నమాట." రసమట్టం అంచు మీద పెట్టి బుడగ ఎటు పోతుందో చూశాడు. "గోడ ఒంకరైనా పలకని దాని ప్రకారమే కోస్తాను, ఇబ్బంది లేదు. ఒక్కటి చెప్పండి. కదిలే బల్ల కావాలా, గోడకి బిగించేదా?"

"బిగించేదే. శాశ్వతంగా ఉండిపోవాలి."

కొలకర్ర మీద గీత పెడుతున్నవాడు పెన్సిల్ ఎత్తాడు. ఎంతసేపు ఎత్తి ఉంచాడో చెప్పలేను, ఎక్కువసేపు మాత్రం కాదు. తర్వాత గీత పెట్టాడు.

"సరే మిస్."

సెప్టెంబరంతా పని చేశాడు. పలకను గోడకు ఆనించి, చిన్న చెక్క ముక్కకు పెన్సిల్ కట్టి, ఆ ముక్కను గోడ వెంబడి పై నుంచి కిందికి జరిపేవాడు. గోడ వంపు ఎలా ఉంటే గీత అలా పలక మీదికి దిగేది. ఆ గీత వెంట కోసి, చిత్రిక పట్టి, మళ్లీ ఆనించి చూసేవాడు. ఎక్కడైనా వెలుగు దూరితే మళ్లీ తీసేవాడు. ఒక్క పక్క పలకకే మూడు రోజులు పట్టింది. నేను వంటింట్లో కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటించేదాన్ని.

"లెక్కల్లో తప్పించారు కదా మిస్, ఇప్పుడు చూడండి మీ ఇంటికి ఎన్ని లెక్కలు చేస్తున్నానో," అనేవాడు.

"గీతలు గీస్తే లెక్కలవుతాయా?"

"మరి ఆ ముక్క అప్పుడే చెప్పుంటే పాసయిపోయేవాణ్ణిగా."

మధ్యాహ్నం మిషను మీద నుంచి లేచాక డల్సీ ఫోన్ చేసేది. మా ఊరికి సెల్ సిగ్నల్ లేదు, అందుకని నా ఇంటి ఫోనుకే చేసేది. చేతులకు జిగురు ఉందని అతను స్పీకర్ పెట్టించేవాడు. ఆ గొంతు ఎప్పుడూ ఆయాసపడుతూ, నవ్వుతూ ఉండేది.

"ఏం ముసలాయనా, అయిందా సింహాసనం?"

"ఇంకా కాలేదు."

"నా వంటింటి అలమర తలుపు ఆరేళ్లుగా ఒంటి బందు మీద వేలాడుతోంది. మిస్‌కి మాత్రం రోజుకో పలక."

"మిస్ కూర పెడుతున్నారు. నువ్వేం పెట్టావు?"

"ఏం పెట్టారు మిస్?"

"ఉప్పు మాంసం, టర్నిప్పు," అన్నాను.

"కొవ్వు తీసేశారా? ఆయన కొవ్వు తినకూడదు. తీసేసినట్టు నటించి అడుగున దాచుకుంటాడు, చూస్తూ ఉండండి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంకెంతలే. ఓటు అయిపోతే నేనే చూసుకుంటాను. ఇక్కడ మా వీధి చివర రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది మిస్. ముందు గదిలో ఎండ పడుతుంది. ఇంటావిడతో మాట్లాడేశాను, నవంబరు దాకా ఆగుతానంది."

హెడ్లీ చిత్రిక పట్టడం ఆపలేదు. చెక్క చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడుతోంది.

"మిస్, వింటున్నారా?"

"వింటున్నాను డల్సీ."

"ఎండ పడే గది దొరకడం కష్టం ఇక్కడ," అంది ఆమె.

అక్టోబరు మొదటి వారానికి మూత తప్ప బల్ల పెట్టె పని పూర్తయింది. దాన్ని గోడలో కూర్చోబెట్టిన రోజున, మెడ దాకా అందులోకి దూరి లోపల ఏదో కొట్టాడు. నాలుగు చోట్ల సుత్తి చప్పుడు వినబడింది. మేకులనుకున్నాను. ఎందుకనుకోను? మూత పలకలు ఇంకా ఆరాలని, ఓటు అయ్యాక తెస్తానని చెప్పాడు.

నా పాత బడిలోనే ఓటు పెట్టారు. ఇద్దరు ఆఫీసర్లు ఫెర్రీలో ఓట్ల పెట్టె తెచ్చుకున్నారు. కాగితం మడిచి వేయడానికి మూల ఒక తెర కట్టారు. తెర వెనక ఉన్నది నేను ముప్పై ఏడేళ్లు రాసుకున్న బల్లే. కూర్చున్నాను. కాగితంలో రెండు గళ్లు ఉన్నాయి. ఎదురుగా కిటికీ, కిటికీ అవతల నా ఇల్లు, నా కిటికీ. అందులో మూత లేని బల్ల.

ఆ క్షణంలో డల్సీ నాకు గుర్తు రాలేదని రాస్తే అది అబద్ధం. గుర్తొచ్చింది. ఎండ పడే గది కూడా గుర్తొచ్చింది. నలుగురే వద్దంటున్నారు, నేనొక్కదాన్ని ఎటు వేసినా తేడా ఉండదు అనుకున్నాను. పిల్లలకు కూడికలు నేర్పిన మనిషిని. నలభైలోంచి ఐదు తీస్తే ఎంతో నాకు తెలుసు. ఆ లెక్క చేయకుండా చేతిని ఆపుకున్నాను. వద్దు అన్న గడిలో గుర్తు పెట్టి, కాగితం మడిచి వేసి, ఇంటికొచ్చి టీ కాచుకున్నాను.

వారం తర్వాత ఫలితం వచ్చింది. కొట్టు నడిపే బ్లాంచ్ ఆ కాగితాన్ని కొట్టు అద్దానికి అంటించింది. నేను వెళ్లేసరికి కొట్టులో ఎవరూ లేరు.

"ముప్పై ఐదు," అంది బ్లాంచ్. "ఒక్కటి తగ్గింది."

"చూశాను."

"మళ్లీ మూడేళ్ల దాకా ఓటు పెట్టరంట." నేనడిగిన పాలపొడి డబ్బా తీసి నా ముందు పెట్టింది. దాని మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. "మీ బల్ల అయిపోయిందా తల్లీ?"

"మూత మిగిలింది."

"అదీ అయితే హాయిగా కూర్చోవచ్చు," అని చెయ్యి తీసింది.

అంతకుమించి ఆ ఊళ్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. దారిలో ఎదురైతే పలకరించేవారు. మంచు పడితే నా మెట్ల మీది మంచు ఎప్పట్లాగే ఎవరో ఒకరు తోసేసి వెళ్లేవారు. ఐదో ఓటు ఎవరిదని ఎవరూ వెతకలేదు. వెతకాల్సిన అవసరం వాళ్లకు లేదు.

మర్నాడు పొద్దున్నే హెడ్లీ మూత భుజాన వేసుకుని వచ్చాడు. రాడనుకున్నాను. తలుపు తీసి పక్కకు తప్పుకున్నాను. మూత ఎర్రటి కర్రతో చేశాడు. ఆ రంగు నేను గుర్తుపట్టాను. పడవల కోసమని ఇరవై ఏళ్లుగా ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న కర్ర అది. చిత్రిక పట్టి, నూనె రాసి, అంచులు చేత్తో గుండ్రంగా తీశాడు, మోకాళ్ల వెనక ఒరుసుకోకుండా.

బందులు బిగిస్తుంటే అడిగాను.

"డల్సీకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

మర తిప్పడం ఆపకుండానే జవాబిచ్చాడు. "మూత ఏ కర్రతో చేస్తున్నావని అడిగింది."

తర్వాత మూత ఎత్తి, తల లోపలికి దూర్చి, నాలుగు మూలలా మళ్లీ కొట్టాడు. ఒక్కో చోట రెండు దెబ్బలు. ఆ రోజున అతని సంచిలో మేకుల డబ్బా ఉంది. నా కళ్లతో చూశాను. తీసి నేల మీద పెట్టి, చాలాసేపు దాని పక్కనే మోకాళ్ల మీద ఉన్నాడు. కొట్టాలంటే అప్పుడు కొట్టేవాడు. ఇప్పుడు తెలుస్తోంది, కొట్టలేదు. ఆ బిగింపు చెక్కలనే మరికాస్త దిగ్గొట్టి, డబ్బా సంచిలో వేసుకుని లేచాడు.

"కూర్చుని చూడండి మిస్."

కూర్చున్నాను. కిటికీలోంచి రేవు, ఫెర్రీ కట్టే స్తంభాలు, దాని వెనక సముద్రం. అతను నా కాళ్ల వంక చూసి, ఎత్తు సరిపోయిందో లేదో చూసుకుని తల ఊపాడు.

ఫిబ్రవరిలో ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. డల్సీ గుండె బలహీనపడింది, రాగలిగితే రమ్మన్నారు. ఆ రోజు నుంచే గాలి మొదలైంది. ఫెర్రీ రాలేదు. పొద్దున్నే హెడ్లీ చిన్న సంచి పట్టుకుని రేవుకు వచ్చి, ఉప్పు కొట్టం గోడకు ఆనుకుని నిలబడేవాడు. మధ్యాహ్నం దాకా నిలబడి ఇంటికి పోయేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఇదంతా నేను ఈ బల్ల మీద కూర్చునే చూశాను. ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. ఏ పుస్తకమో ఇప్పుడు గుర్తులేదు.

మూడో రోజున ఉండబట్టలేక కోటు వేసుకుని వెళ్లాను. రొట్టె చుట్టి పట్టుకెళ్లాను. గాలికి మాట వినబడాలంటే దగ్గరగా నిలబడాల్సి వచ్చింది.

"హెలికాప్టర్ అడిగావా?"

"అడిగాను. రోగుల కోసం మాత్రమే పంపుతారంట. రోగి అక్కడే ఉందిగా మిస్." నవ్వబోయాడు, కుదరలేదు.

నా ఓటు సంగతి చెప్పేద్దామనే వెళ్లాను. మాటలు కూడా కూర్చుకున్నాను. నేను నోరు తెరిచేలోగా అతనే అడిగాడు.

"బల్ల ఎలా ఉంది? చలికి కర్ర ఏమైనా లాగిందా?"

"లేదు. బాగుంది."

"లాగితే చెప్పండి. విప్పి సరిచేయొచ్చు."

మూత సంగతే అంటున్నాడనుకున్నాను. రొట్టె చేతిలో పెట్టి వచ్చేశాను.

ఐదో రోజున డల్సీ పోయింది. ఫెర్రీ ఏడో రోజున వచ్చింది. అతను అదే సంచితో ఎక్కాడు. ఆమెను అక్కడే పూడ్చి మార్చిలో తిరిగొచ్చాడు. వచ్చాక వంటింటి అలమర తలుపుకు రెండో బందు వేశాడని బ్లాంచ్ చెప్పింది. ఖాళీ ఇంట్లో ఎవరి కోసమని ఆమె అడగలేదంట, అతనూ చెప్పలేదంట.

జూన్‌లో వెళ్లిపోతున్నాడని తెలిసింది. పశ్చిమాన ఎక్కడో ఇళ్లు కడుతున్నారు, ముసలివాళ్లనైనా పనిలో పెట్టుకుంటున్నారంట. ఇల్లు తాళం వేసి వదిలేస్తున్నాడు.

మా ఊళ్లో వెళ్లిపోయే మనిషి ఇంటింటికీ వెళ్లి టీ తాగి, చెయ్యి కలిపి వెళ్తాడు. ఒక్క ఇల్లు కూడా వదలడు. ఎంత వైరం ఉన్నా, ఆ పూటకు గడప తొక్కుతాడు. ఆ రోజు పొద్దున్నే లేచి ఎండుద్రాక్షల బన్నులు చేశాను. మంచి కప్పులు తీసి కడిగాను. కెటిల్ పొయ్యి మీద పెట్టి, వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను.

బ్లాంచ్ కొట్టులోకి వెళ్లి బయటికొచ్చాడు. చర్చి పక్క ఇంటికి వెళ్లాడు. కింది వరస ఇళ్లన్నీ అయ్యాయి. సెల్బీ డర్న్‌ఫర్డ్ ఇంటికీ వెళ్లాడు. బాహాటంగా వద్దన్న నలుగురూ ఉన్న ఇల్లు అది. అక్కడ అరగంట ఉన్నాడు. సెల్బీ గుమ్మం దాకా వచ్చి భుజం మీద చెయ్యి వేసి సాగనంపాడు. ఇక నాది ఒక్కటే మిగిలింది. కెటిల్ కూత పెట్టి, నేను లేవకపోతే అలా కూస్తూనే ఉంది. దారి వెంట పైకి వస్తున్నాడు. భుజాన పనిముట్ల పెట్టె, చేతిలో ఆ చిన్న సంచి.

నా గేటు దగ్గర ఆగాడు.

లేచి నిలబడ్డాను. చలికాలంలో మంచు బరువుకు గేటు బందు వంగి, రెక్క నేలకు రాసుకుంటూ ఉండేది. అతను పెట్టె కింద పెట్టి, గేటును ఒక చేత్తో కాస్త పైకెత్తి, బందును వెనక్కి వంచి, రెక్కను గొళ్లెంలో కూర్చోబెట్టాడు. ఒకసారి తెరిచి మూసి చూశాడు. ఇప్పుడు రాసుకోవడం లేదు. గేటు బయటి నుంచే మూసి, పెట్టె భుజానికెత్తుకుని, రేవు వైపు దిగిపోయాడు. ఫెర్రీ ఎక్కాడు. రేవు మలుపు దాటేదాకా ఫెర్రీ వెనక భాగంలోనే, ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.